మలుపు బోర్డూ, నా పెళ్ళిచూపులూ

ఆ రోజుల్లో రోడ్ల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు మరి. చిలకలూరిపేట అవతల ఓ రోడ్డు పనిలో చిన్న ఇంజనీరుని. అక్కడో ఊరి మలుపులో ప్రమాదాలు ఎక్కువయ్యాయని వేగపరిమితిని ఎనభై నుంచి నలభైకి తగ్గించారు. మలుపుందని చెప్పే బోర్డు మాత్రం ఎనభై మీద వచ్చేవాళ్ళ కోసం పెట్టిన చోటే, ఎక్కడో దూరంగా ఉండిపోయింది. "సార్, బోర్డు కూడా దగ్గరికి జరపాలి కదండీ? నలభై మీద వచ్చేవాడు మలుపు చేరేసరికి దాని సంగతే మర్చిపోతాడు" అన్నాను మా పెద్దసారుతో. "ముందే చెప్తే తప్పేముందయ్యా? జాగ్రత్త ఎక్కువై ఎవరైనా చచ్చారా?" అన్నారాయన. (చావలేదు. అంతవరకూ ఆయన మాటే నిజం.)

ఆ మాఘంలోనే నా పెళ్ళిచూపులు. అమ్మాయిది ఆ మలుపు పక్క ఊరే, స్కూల్లో టీచరు. ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. మా పెదనాన్న నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. ఆయన రోడ్డు మీద ఏ బోర్డు ఏం చెప్తే అది చేసే మనిషి. మలుపు బోర్డు కనబడగానే బండిని నడక వేగానికి దించేశాడు. ఎంత పోయినా మలుపు రాదు. వెనక పత్తి ట్రాక్టరువాడు హారను కొట్టి కొట్టి, "ఏం పెద్దాయనా, బండి నడుపుతున్నావా, తోసుకుపోతున్నావా?" అని అరిచాడు. "మలుపెప్పుడో అయిపోయుంటుందిరా, మనమే చూసుకోలేదు" అంటూ పెదనాన్న బండిని ఒక్కసారిగా ఉరికించాడు. "ఇంకా ముందుంది పెదనాన్నా!" అన్న నా మాట గాలికి పోయింది. మలుపు వచ్చింది, మేం తిరగలేదు. నేరుగా రోడ్డు పక్కన ఎండబోసిన మిరపకాయల్లోకి దిగిపోయాం.

దెబ్బలేం తగల్లేదు. కానీ అమ్మాయి వాళ్ళింట్లో ఇద్దరం పోటీపడి తుమ్ముతున్నాం. నా కళ్ళు చింతనిప్పులు. "కుర్రాడికి అలవాట్లేమైనా ఉన్నాయాండీ?" అని అమ్మాయి నాన్నగారు మెల్లగా అడిగారు. పెదనాన్న తుమ్ముల మధ్యే మలుపు కథంతా చెప్పాడు. మజ్జిగ తెచ్చిన అమ్మాయి అంతా విని, "బోర్డు అంత దూరాన ఉంటే ఎవరికి గుర్తుంటుందండీ? దగ్గరికి జరపొచ్చుగా?" అంది. ఆఫీసంతటికీ పట్టని నా మాట! "అదే నేనూ..." అన్నాను, తుమ్ము. "అదే..." మళ్ళీ తుమ్ము. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. 

జాతకాలు కలవలేదని వారంలో కబురొచ్చింది. ఒక్కసారి ఫోను చేస్తానంటే, "పద్ధతి కాదురా" అంది అమ్మ. ఊరుకున్నాను.

మరుసటి ఏడు బోర్డులు జరపమని ఆర్డరొచ్చింది. దగ్గరుండి పాతిస్తుంటే అమ్మాయి నాన్నగారు మోపెడ్ ఆపారు.

"బాబూ, కళ్ళు తగ్గాయా?"

"తగ్గాయండీ. అది మిరపకాయల వల్ల..."

"మీ పెదనాన్న చెప్పింది నిజమేనని, తాగుడు కాదని తర్వాత తెలిసిందిలే. అమ్మాయి అప్పుడే చెప్పింది, మేమే వినలేదు. దానికి పెళ్ళయిపోయింది, ఒంగోల్లో ఉంటోంది." ఆయన కాసేపు బోర్డు వంక చూశారు. "ఈ పనేదో పోయినేడే చేసుంటే బాగుండేది బాబూ."

"అవునండీ" అని, తిన్నగానే ఉన్న బోర్డుని వంకరుందేమోనని అదేపనిగా సర్దుతూ నిలబడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, అనిపిస్తుంది.