హారంలో అత్తగారు

ఆవిడ మెడలో సన్న గొలుసు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అయినా స్కూలంతా ఆవిణ్ణి హారం టీచర్ అనేవాళ్ళు. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు ఆవిడ మెడకేసి చూసి, ఓస్ ఇంతేనా అని మొహాలు వేలాడేసుకునేవాళ్ళు. ఆ హారం వేరు. భిన్నంలో గీత కింద కూర్చునే హారం. బోర్డు మీద ఏ లెక్క వేసినా సుద్దముక్కతో గీత కింద టకటకా కొట్టి, "పైనున్నాయన సంగతి తర్వాత చూద్దాం. ముందు కిందాయన్ని పలకరించండి. కిందాయన సున్నా అయ్యాడో, మన పని గోవిందా" అనేది.

ఆ పేరు రావడం వెనక ఓ బుట్టెడు బఠాణీలు, ఓ అత్తగారు ఉన్నారు.

టీచరు కాకముందు ఆవిడ బీమా ఆఫీసులో గుమాస్తా. లెక్కలంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. కానీ ఆఫీసులో లెక్కలు చెయ్యడమే గానీ ఎవరికీ చెప్పడం ఉండదు. చెయ్యడంకన్నా చెప్పడంలోనే తనకు మజా ఉందని ఆవిడకు నలభై దాటాక తెలిసొచ్చింది. ఉద్యోగం మానేసి మళ్ళీ పుస్తకాలు పట్టింది. ఈ వయసులో చదువేమిటని చుట్టాలు ముసిముసిగా నవ్వితే, వాళ్ళ నోళ్ళు మూయించింది అత్తగారే. "నవ్వే తీరిక ఉన్నవాళ్ళు వచ్చి మా ఇంట్లో నాలుగు గిన్నెలు తోమిపెట్టండి. మా అమ్మాయి చదువుకోవాలి" అందావిడ. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. మాటా చురుకే, చెయ్యీ చురుకే. కళ్ళద్దాల షాపు నడిపే ఆవిడ కొడుకు మాత్రం ఇద్దరాడవాళ్ళ మధ్యా నోరెత్తకుండా హాయిగా బతికేవాడు.

అలా చదివి, ఆడపిల్లల హైస్కూల్లో పెద్ద క్లాసుకు లెక్కల టీచరుగా చేరింది. చేరిన ఏడాదే అకరణీయ ప్రమేయాల పాఠం ఎదురొచ్చింది. పేరే నోరు తిరగదు. పాత టీచరు ఆ పాఠాన్ని ఏటా "చాయిస్‌లో వదిలెయ్యండమ్మా" అని దాటించేసేవారట. ఈవిడ వదల్లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఒక బహుపది కింద ఇంకో బహుపది రాసి, నిర్వచనం చదివింది. వెనక బెంచీలో ఒకమ్మాయి ఆవలించింది. ఆ ఆవలింత బెంచీ బెంచీ దాటుకుంటూ ముందుకొచ్చి టీచరుకే అంటుకుంది. చెప్పేదానికే నిద్రొస్తుంటే వినేవాళ్ళననేం లాభం?

అదే రోజు హెడ్‌మిస్ట్రెస్ ఆవిణ్ణి వరండాలో ఆపింది. "వచ్చే వారంలో మీ క్లాసుకొచ్చి కూర్చుంటానండీ. మీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలంటే నేనొక పాఠం చూసి రాయాలి కదా."

సాయంత్రం ఇంటికొచ్చినా మనసు మనసులో లేదు. వంటింటి గట్టు మీద అత్తాకోడళ్ళు చెరో వైపూ కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. షాపు నుంచి వచ్చిన కొడుకు అటూ ఇటూ తిరుగుతూ, గిన్నెలోంచి గుప్పెడు గుప్పెడు తీసి నోట్లో వేసుకుంటున్నాడు. ఎంత ఒలిచినా గిన్నె నిండదేం! తల్లి వాడి చేతి మీద చట్టున ఒకటి వేసింది. "మేమిద్దరం ఒలిచేదీ, నువ్వొక్కడివీ తినేదీ సరిపోతోందిరా. ఇలాగైతే ఈ జన్మకి నిండదు!"

కోడలి చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. అత్తగారు తెలియకుండానే పాఠం మొత్తం చెప్పేసింది.

మర్నాడు క్లాసులో పుస్తకం తెరవలేదు. "నేను గిన్నెడు బఠాణీలు గంటలో ఒలుస్తాను. మా అత్తగారికి x గంటలు పడుతుంది. ఇద్దరం కలిసి ఒలిస్తే ఎంతసేపు?" అంది. అత్తగారి మాట వినగానే ఆవలించే అమ్మాయి కూడా నిటారుగా కూర్చుంది. అంతా కలిసి లాగీ పీకీ చివరికి తేల్చారు: పైన x, కింద x ప్లస్ ఒకటి.

"ఇప్పుడు x బాగా పెద్దదనుకోండి. ఏమవుతుంది?"

"అత్తగారు నిద్రపోతున్నట్టు టీచర్!"

"అప్పుడు నాకెంతసేపు?"

"గంటకి దగ్గర దగ్గరగా. కానీ గంట కాదు. నిద్దట్లో ఒక్క గింజైనా ఒలుస్తారు కదా!"

"బాగుంది. x మైనస్ ఒకటైతే?"

మైనస్ అత్తగారంటే ఏమిటో ఎవరికీ తట్టలేదు. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి ఉండేది. మూగనోము అని ఏడిపించేవాళ్ళు. ఆ అమ్మాయి సగం చెయ్యెత్తింది. "ఒలవట్లేదు టీచర్. తింటున్నారు. మీరు ఒలిచినంతా తింటున్నారు. కింద సున్నా వస్తుంది. గిన్నె ఎప్పటికీ నిండదు."

క్లాసంతా ఘొల్లున నవ్వింది. తమ ఇంట్లో అలా తినేది అత్తగారు కాదనీ, అత్తగారి కొడుకనీ టీచరు చెప్పాక నవ్వు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ క్లాసులో బేకరీ ఆయన కూతురుంది. ఆ పిల్ల నోట్లో మాట దాగదు. రెండ్రోజుల తర్వాత అత్తగారు రొట్టె కొనుక్కోవడానికి వెళితే, కౌంటరు వెనకనుంచి పలకరించింది. "బామ్మగారూ, మిమ్మల్ని మా టీచరు హారంలో పెట్టారండీ!"

ఆవిడ మురిసిపోయింది. "హారమా? ఏం హారమే? ముత్యాలదా?"

"కాదండీ, లెక్కలో హారం. మీరు బఠాణీలు ఒలవడంలో బాగా నిదానం కదా, నిద్ర కూడా పోతారట. దాని మీద గ్రాఫు కూడా గీశాం."

ఆ సాయంత్రం ఇంట్లో రేడియో మోగలేదు. అత్తగారు భోజనం దగ్గర కూరేదో బాగుందంది, వాన వచ్చేలా ఉందంది. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏమైందత్తయ్యా అని అడిగితే, "ఏముంటుందమ్మాయ్, నిదానం మనిషిని, మాటలు కూడా నిదానంగానే వస్తాయి" అని వెళ్ళి పడుకుంది. కొడుకు కంచంలోంచి తలెత్తలేదు.

హెడ్‌మిస్ట్రెస్ రావాల్సిన రోజు రానే వచ్చింది. ఆవిడ వెనక బెంచీలో కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, పెన్ను మూత తీసింది. టీచరు సుద్దముక్క పట్టుకుందో లేదో, తలుపు దగ్గర అలికిడైంది. చూస్తే అత్తగారు. ఇస్త్రీ చీర, చంకలో సంచీ, సంచీలో బఠాణీ కాయలు, రెండు చిన్న గిన్నెలు.

"లోపలికి రావచ్చా టీచరుగారూ?" అంది ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ.

"అత్తయ్యా, మీరు... ఇప్పుడు..."

"x ఎంతో తేలుద్దామని వచ్చా. కొలవకుండా నా పేరు బోర్డెక్కించావు. పిల్లలకు తప్పు లెక్క చెప్పొచ్చా?"

టీచరు భయంభయంగా హెడ్‌మిస్ట్రెస్ వైపు చూసింది. ఆవిడ మొహంలో ఏమీ తెలియలేదు. "కొలవాల్సిందేనండీ," అంది మెల్లగా. "గడియారం నా దగ్గరుంది."

టేబులు మీద రెండు గిన్నెలు పెట్టారు. కాయలు సమానంగా పంచారు. మొదలన్నారు. అత్తగారి వేళ్ళు అలా ఆడుతుంటే, పూర్వం టెలిఫోన్ ఆఫీసులో వందల వైర్లు తీసి పెట్టిన చెయ్యి అది అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కాయ నొక్కడం, చీల్చడం, బొటనవేలితో గింజలు దొర్లించడం, అంతా ఒక్క ఊపులో. ఆవిడ పది నిమిషాల్లో గిన్నె పక్కకి తోసేసి చేతులు దులుపుకుంది. కోడలికి పదిహేను నిమిషాలు పట్టింది. పిల్లలు బల్లలు చరుస్తూ ఒకటే గోల.

"మా అత్తగారికి క్షమాపణ," అంది టీచరు నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ. "x నేననుకున్నదానికన్నా చిన్నది. మరి ఇద్దరం కలిసి ఒలిస్తే?"

పిల్లలు గబగబా లెక్క కట్టారు. పైన ఒకటి, గీత కింద నిమిషానికి పదిహేనో వంతూ పదో వంతూ. కలిపితే ఆరో వంతు. ఆరు నిమిషాలు! బోర్డు మీద పెద్దక్షరాలతో ఆరు అని రాశారు. మళ్ళీ గిన్నెడు కాయలు తీసి, అత్తాకోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

అక్కడే అసలు తమాషా జరిగింది. రెండ్రోజులుగా మాటల్లేవు కదా. కోడలు గొంతు తగ్గించి, "కోపమొచ్చిందా అత్తయ్యా?" అంది. "రాదా మరి? ఆ బేకరీ పిల్ల నలుగురి ముందు అనేసింది. అది సరేగానీ, పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళని చూశావా?" అంది అత్తగారు. అంతే. పక్కింటివాళ్ళ కుక్క, ఆ కుక్కకి వాళ్ళు పెట్టిన పేరు, ఆ పేరుతో పిలిస్తే కుక్కకి బదులు వాళ్ళాయన పలకడం... నవ్వి నవ్వి ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. ఆరు నిమిషాలు దాటింది. గిన్నె సగమే నిండింది. చివరికి పన్నెండు నిమిషాలకి పూర్తయింది.

"తప్పు!" అన్నారు పిల్లలు. "లెక్క తప్పు టీచర్!"

టీచరు బోర్డుకేసి చూసింది. తనిఖీ రోజున బోర్డు మీద తప్పు లెక్క! అప్పుడు మూగనోము అమ్మాయి, ఈసారి పూర్తిగా, చెయ్యెత్తింది.

"లెక్క తప్పు కాదు టీచర్. మూడో మనిషిని మర్చిపోయాం."

"మూడో మనిషెవరమ్మా?"

"మాటలు. మీరిద్దరూ ఒలుస్తుంటే మాటలు తినేశాయి. ఆరో వంతులోంచి పన్నెండో వంతు తీసేస్తే పన్నెండో వంతు. హారంలో మాటల్ని కూడా పెట్టాలి."

టీచరు సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చింది. ఆ అమ్మాయి బోర్డు దగ్గరకెళ్ళి, గీత కింద, మైనస్ పెట్టి, మాటలు అని తెలుగులో రాసింది.

"ఇంకా ఎక్కువ మాట్లాడుకుంటే?" అని ఎవరో అరిచారు.

"ఆరో వంతుకి ఆరో వంతు సరిపోతుంది. కింద సున్నా. ఇవాళ మా ఇంట్లో కూర లేదు!" అంది టీచరు.

వెనకనుంచి ఒక పెద్ద నవ్వు వినిపించింది. హెడ్‌మిస్ట్రెస్‌ది. ఆవిడ నవ్వడం ఆ పిల్లలు అంతకుముందు ఎన్నడూ వినలేదు. "అందుకేనన్నమాట," అంది కళ్ళు తుడుచుకుంటూ, "మన స్టాఫ్ మీటింగులు తెమలనిది!" పెన్ను మూత పెట్టేసింది. ఆ కాయితం మీద ఏం రాసిందో గానీ, నెలాఖరుకి టీచరు ఉద్యోగం ఖాయమైంది.

ఆవిడకి హారం టీచర్ అన్న పేరు ఆ రోజే పడింది. ఆ తర్వాత పిల్లల్ని పట్టడం ఎవరివల్లా కాలేదు. ఒకమ్మాయి ఇంట్లో అక్కాచెల్లెళ్ళందరికీ ఒకటే అద్దం. గంటని మనుషులతో భాగించి, "ఎంతమంది పుట్టుకొచ్చినా అద్దం దొరికే టైము సున్నా కాదు టీచర్, అదొక్కటే ఓదార్పు" అని గ్రాఫు గీసుకొచ్చింది. ఇంకొకతె షాపింగ్ కాంప్లెక్సులో కిందికి దిగే కరెంటు మెట్ల మీద పైకెక్కడానికి పూనుకుంది. తన వేగంలోంచి మెట్ల వేగం తీసేసి హారంలో పెట్టింది. రెండూ సమానమైతే జన్మంతా ఎక్కుతూనే ఉండాలని స్వయంగా నిరూపించింది కూడా. కాపలాదారు వచ్చి దింపేదాకా.

అర్ధసంవత్సరం పరీక్షలో రెండు కుళాయిలు కలిసి తొట్టి నింపే లెక్కొచ్చింది. పేపర్లు దిద్దిన వేరే స్కూలు మేష్టారు ఫోన్ చేశాడు. "ఏమండీ, మీ పిల్లలంతా జవాబు కరెక్టుగానే రాశారు. కానీ ప్రతివాళ్ళూ చివర్లో 'కుళాయిలు రెండూ కబుర్లు చెప్పుకోవనుకుంటే' అని రాశారేమిటండీ?" టీచరు నవ్వాపుకోలేక ఫోన్ పక్కనున్న వాళ్ళకిచ్చేసింది.

ఇక అత్తగారి సంగతి. ఒకసారి రుచి మరిగిన మనిషి ఊరుకుంటుందా? శుక్రవారం ఆఖరి పీరియడుకి ఆవిడ చల్లగా వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం అలవాటైంది. పిల్లలు ఆవిడకి గ్రాఫు కాయితం, చెక్కిన పెన్సిలు సిద్ధంగా పెట్టేవాళ్ళు. ఒక శుక్రవారం టీచరు ఆఫీసు గదిలో చిక్కుకుని ఆలస్యంగా వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్తగారు తన గ్రాఫు ముందు పెట్టుకుని నిలదీస్తోంది.

"ఈ వంపు గీత గంట దగ్గర గీసిన ఆ గీతని ఎందుకు తాకదే? ఇంత దగ్గరకొచ్చాక బిడియమేమిటి?"

ఆవలించే అమ్మాయి, బేకరీ పిల్ల, అద్దం అమ్మాయి, అందరూ ఒకేసారి చెప్పబోయారు. "ఆగండే, నేను చెప్తా" అని మూగనోము అందరికన్నా గట్టిగా అరిచి, బామ్మగారి పక్కకి జరిగి, పెన్సిలు అందుకుంది. టీచరు చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చి, ఖాళీ బెంచీ ఒకటి చూసుకుని కూర్చుని, తను కూడా వినడం మొదలుపెట్టింది.