గంటల దొర తలుపు ముందు మా టెస్టింగ్ సార్

మా టెస్టింగ్ సార్ పోయారన్న వార్త నాకు రెండో వాక్యంలో తెలిసింది. మొదటి వాక్యం, పదకొండు గంటల బ్యాచ్ లేదని. ఇన్‌స్టిట్యూట్ గ్రూపులో మెసేజ్ అలాగే పెట్టారు: "ఈ రోజు టెస్టింగ్ క్లాసు రద్దు. సార్ తెల్లవారుజామున గుండెపోటుతో మరణించారు." దాని కింద నలుగురు విద్యార్థులు బొటనవేలి గుర్తు పెట్టారు. సార్ ఉండి ఉంటే దీన్ని కూడా ఒక తప్పుగా, మా భాషలో బగ్‌గా రాసేవారు. రావలసింది, మనిషి కబురు ముందు. వచ్చింది, క్లాసు కబురు ముందు. తీవ్రత, చాలా ఎక్కువ.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నాకు ఆ ఓపిక లేదు, ముందే చెప్పేస్తున్నాను. ఆరేళ్ళ కింద ఒంగోలు నుంచి అమీర్‌పేటకు కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, అదే ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకునే ఉద్యోగంలో ఉండిపోయాను. ఈ ఆరేళ్ళలో సార్ నన్ను విసిగించని రోజు లేదు. ఆ మనిషి లేకుండా గడిచిన ఈ ఐదు వారాలు అంతకంటే విసుగ్గా ఉన్నాయి.

సార్ ఇల్లు పంజాగుట్టలో. మూడో అంతస్తులో ఉన్న మా ఇన్‌స్టిట్యూట్‌కు లిఫ్టు ఉన్నా మెట్లెక్కే వచ్చేవారు, వచ్చి ఐదు నిమిషాలు ఆయాసపడేవారు. "లిఫ్టెక్కొచ్చు కదా సార్" అంటే "మెట్లెందుకు కట్టిన్రమ్మా మరి" అనేవారు. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. అయినా క్లాసులో ఎడమ పక్క బెంచీల వాళ్ళనే ప్రశ్నలు అడిగి, వాళ్ళ జవాబు నాలుగుసార్లు చెప్పించుకునేవారు.

టెస్టింగ్ అంటే తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. ఒకరు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం మా పని. తప్పు దొరికితే దాన్ని బగ్ అంటాం. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది అని మూడు వరుసల్లో రాసి పంపుతాం. దాన్ని సరిచేశాక మళ్ళీ పరీక్షించి "క్లోజ్" అని రాయాల్సింది మాత్రం ఆ బగ్ రాసిన మనిషే. మొదటి రోజు క్లాసులో సార్ బోర్డు మీద ఇదొక్కటే రాసేవారు: తెరిచినోడే మూయాలె.

ఇక సార్ ఆడే కంప్యూటర్ ఆట. దాని పేరు చెప్పను, చెబితే సార్ పోయాక కూడా దాని ప్రచారం చేసినట్టవుతుంది. బతికుండగా ఆయన చేసింది చాలు. సూర్యుడు ఆగిపోయిన ఒక దేశం, ఎప్పుడూ బూడిద రాలుతూ ఉంటుంది, పాడుబడ్డ కోటలు, వాటిలో నానా రకాల రాక్షసులు. మన పాత్ర చేతిలో ఒక విరిగిన కత్తి. అంతే. ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు ఉండదు, ఏం చేయాలో చెప్పే మనిషి ఉండడు. ఏ వైపు నడిచినా దారే. నడిచిన ప్రతి చోటా చావే. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ల్యాబ్ ఖాళీగా ఉంటుంది గనక, యాభై ఏళ్ళు దాటిన ఆ మనిషి అన్నం డబ్బా పక్కన పెట్టుకుని మూల సిస్టమ్‌లో రోజూ చచ్చేవారు.

"గీ ఆట మన చెయ్యి పట్టుకొని నడిపియ్యదమ్మా" అనేవారు. "కండ్లున్నయి గద, చూసుకో అంటది. గంత మర్యాద మనకెవరిస్తున్రు?"

"చంపడం మర్యాదేంటి సార్?"

"సచ్చుడు తప్పు కాదు. చూడకుండ సచ్చుడు తప్పు."

ఈ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. ఇంటర్వ్యూలో తప్పిన పిల్లలకు ఇదే. నా పెళ్ళి సంబంధం తప్పిపోయినప్పుడు నాకూ ఇదే. వేరే మాట దొరకదా ఈయనకు అనిపించేది. పిల్లలు మాత్రం ముక్కు తుడుచుకుని, తప్పిన ఇంటర్వ్యూని మూడు వరుసల్లో రాసుకుని, మళ్ళీ వెళ్ళేవారు. నేనూ రాసుకున్నాను, ఆ సంగతి సార్‌కి చెప్పలేదు.

ఆటలో ప్రతి చావునూ సార్ ఒక పొడుగు నోట్‌బుక్కులో బగ్గులాగే రాసేవారు. చివరికి ప్రతిదాని కిందా "తప్పు ఆటది కాదు, నాది" అని ఉండేది. "మరి బగ్ అని ఎందుకు రాస్తున్నారు సార్?" అని ఒకసారి అడిగాను. "బగ్ నాలో ఉంది గదమ్మా" అన్నారు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

పోనీ త్వరగా ఆడతారా అంటే అదీ లేదు. కొండ అంచుకు వస్తే, ఆటలో మధ్యలో దొరికిన గుర్రాన్ని ఆపి, కింద బూడిద రంగు చెరువును పది నిమిషాలు చూసేవారు. బయట మూడింటి బ్యాచ్ నిలబడి ఉండేది. "జర ఆగు, చెరువు చూడనీ" అనేవారు. ఒకరోజు నేనూ పక్కన నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే బాగుంది. దూరంగా ఎక్కడో మనం వారం కింద చచ్చిన కోట బురుజు కనిపిస్తుంది, దాని అవతల మనమింకా చూడని ఊరి దీపాలు. కనిపించే ప్రతి చోటికీ నడిచి వెళ్ళొచ్చు. అమీర్‌పేట మెట్రో కింద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పోవడమే గగనమైన నాకు ఆ మాట కాస్త నచ్చింది.

ఆ ఆటలో ఇంకో వింత ఉంది. దారిలో నేల మీద, ఎక్కడో ఇదే ఆట ఆడుతున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం ఒక వాక్యం రాసి వదలొచ్చు. చాలామంది "ఇక్కడ దూకు, నిధి ఉంది" అని రాసి జనాన్ని లోయలో పడేస్తారు. సార్ మాత్రం ప్రమాదం ఉన్న ప్రతి చోటా ఒకే వాక్యం రాసేవారు: "కూర్చో మిత్రమా, తర్వాత వెళ్ళు." కింద ఆటలో ఆయన పెట్టుకున్న పేరు, టెస్టింగ్‌సార్. చదివినవాళ్ళు ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే, ఆ క్షణంలో ఆడుతున్న సార్ పాత్రకు కొంచెం ప్రాణం పెరుగుతుంది. అప్పుడు రాక్షసుణ్ణి వదిలేసి నా వైపు తిరిగేవారు. "ఎవరో మెచ్చిన్రమ్మా. ఏ దేశంల ఉన్నడో పాపం." ఆ లోగా రాక్షసుడు చంపేసేవాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

ఒక పెద్ద తలుపు వెనక వీపు మీద గంటలు మోసే రాక్షసుడొకడుంటాడు. సార్ వాడికి గంటల దొర అని పేరు పెట్టారు. వాడి దగ్గర నాలుగు నెలలు ఆగిపోయారు. అరవై మూడు బగ్గులు రాశారు. నా ఫోన్‌లో వాణ్ణి ఎలా కొట్టాలో చూపే వీడియో ఉందని చెబితే చెవులు మూసుకునేవారు. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం రోజున జనంతో దారులు నిండిపోయి ఒక్క విద్యార్థీ రాలేదు. ఆట ఆపకుండానే సార్ ఫ్లాస్కు పట్టుకుని చాయ్ కోసం దిగి, ఆ జనంలో ఇరుక్కుపోయారు. గంటసేపు రాలేదు. నాకు ఆ దొర మీద, సార్ మీద, అరవై మూడు మీద కోపం వచ్చింది. వీడియో పెట్టుకున్నాను. మూడో గంట మోగగానే పక్కకు దొర్లాలి, అంతే కిటుకు. బయట డప్పుల మోత వినపడకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడితే నాలుగో ప్రయత్నంలో దొర కూలిపోయాడు. సార్ ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవారు కాదు, ఎవరైనా సార్ అని పిలిస్తే వినపడదని.

ఆయన తిరిగొచ్చేసరికి తెర మీద తలుపు తెరుచుకుని ఉంది.

"ఎవరు కొట్టిన్రు?"

"నేనే సార్. మీకు సాయంగా ఉంటుందని."

ముందు నాకు చాయ్ పోసి ఇచ్చారు. తర్వాత కూర్చుని, నాలుగు నెలల పైగా పెంచుకున్న ఆ పాత్రను తుడిచేశారు. నిజంగానే తుడిచేయాలా అని ఆట రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నారు.

"ఏంటి సార్ ఇది? పిచ్చా మీకు?"

"బగ్ నాదమ్మా. నువ్వు మూసినవ్" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆ మర్నాటి నుంచి ల్యాబ్‌లో ఆడటం మానేసి, ఇంట్లో సిస్టమ్‌లో విరిగిన కత్తితో మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యాహ్నాలు నా పక్కనే కూర్చుని మామూలుగా అన్నం తినేవారు, ఆట ఊసు ఎత్తేవారు కాదు. ఆ ఊసు లేని మధ్యాహ్నాలు ఎంత చప్పగా ఉంటాయో నాకు అప్పుడే తెలిసింది. క్షమించండి అని ఒక్కసారి కూడా అనలేదు నేను. తప్పేముంది, సాయమే కదా చేశాను అనుకుంటూ గడిపేశాను.

పోవడానికి నాలుగు రోజుల ముందు, డబ్బా మూత పెడుతూ, "గా దొర దగ్గరికి మళ్ళొచ్చిన. ఆదివారం ఇంటికి రారాదమ్మా, చూద్దువు" అన్నారు. ఆదివారం బట్టలు ఉతుక్కోవాలి, చూస్తాను సార్ అన్నాను. శనివారం ఆ మెసేజ్ వచ్చింది.

వారం తర్వాత పంజాగుట్ట వెళ్ళాను. సార్ భార్యను మేమంతా ఆపా, అంటే అక్కా అని పిలుస్తాం. ఆపా సిస్టమ్ మీద కప్పిన గుడ్డ తీసి, ఆన్ చేసి, కుర్చీ జరిపారు.

"గా గంటల దొర మా ఇంట్ల ఇంకో మనిషి లెక్కయిండు" అన్నారు. "అన్నం కాడ సుత గాయన ముచ్చటే. నీకొస్తది గద బేటా, జర నువ్వే పూర్తి చెయ్యి. ఆయన పాణానికి శాంతిగుంటది."

ఆట తెరుచుకుంది. తెర మీద సార్ పాత్ర తలుపు ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కనే పొడుగు నోట్‌బుక్కు. చివరి పేజీ, శుక్రవారం. "ఏం చేసిన: గంట వినపడ్తలేదు, అందుకని దొర భుజం చూసిన. గంటకు ముందే భుజం లేస్తది. ఏం జరగాలె: దొర కూలాలె. ఏం జరిగింది: దొర సగానికి ఎక్కువ అయిపోయిండు, కావాలనే బయటికొచ్చిన. ఆదివారం అమ్మాయి ముందర కొడత. స్థితి: ఓపెన్."

కావాలనే బయటికొచ్చారట. నా కోసం ఆగారట. ఎవరైనా ఆపుతారా సార్, శుక్రవారమే కొట్టేయొచ్చు కదా? అక్కడే, ఆపా ముందే, గట్టిగా ఏడ్చాను. ఆమె మౌస్ నా వైపు జరిపినా ముట్టుకోలేదు. "ఇది నేను మూయకూడదు ఆపా" అన్నాను. ఆమెకు అర్థమైందో లేదో, గుడ్డ మళ్ళీ కప్పారు.

ఆ మర్నాడే ల్యాబ్ మూల సిస్టమ్‌లో నా పేరున మొదలుపెట్టాను. వీడియోలు చూడలేదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు. చెరువు దగ్గర ఆగాను, మూడింటి బ్యాచ్ విసుక్కుంది. రేపటికి సార్ పోయి నలభై రోజులు. నిన్న మధ్యాహ్నం దొర తలుపు చేరాను. తలుపు ముందు నేల మీద, బూడిదలో, ఒక వాక్యం వెలుగుతోంది: "కూర్చో మిత్రమా, తర్వాత వెళ్ళు." కింద టెస్టింగ్‌సార్.

మెచ్చుకోలు నొక్కాను. వినకుండా లోపలికి వెళ్ళి అర నిమిషంలో చచ్చాను. కొత్త నోట్‌బుక్కులో బగ్ ఒకటి రాసి, ఓపెన్ అని పెట్టి, తిరిగి తలుపు దగ్గరికి వచ్చాను. ఈసారి చెప్పినట్టే నా పాత్రను ఆ అక్షరాల పక్కన కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకున్నాను. పంజాగుట్టలో గుడ్డ కప్పిన సిస్టమ్‌లో సార్ మనిషి కూడా ఈ మెట్టు మీదే, ఈ తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు.