తొమ్మిది సెలూన్ల ఊరు

ఆ రోజుల్లో ఊరంతా ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టేది. నాకది కరోనా నేర్పిన విద్య కాదు, ముందునుంచీ ఉన్న అలవాటే. అప్పటికి నాకు అరవై ఆరేళ్లు. దాన్ని నా చిన్నతనమనే అంటాను (ఆ తర్వాత అంత ధీమాగా తప్పు చేసింది లేదు). సూరత్‌లో, ఉధ్నా స్టేషన్ వెనక మాది రెండు గదుల అద్దె ఇల్లు. కొడుకూ కోడలూ పనికి వెళ్లాక నేనూ, మా ఆయనా, ఏడో తరగతి చదివే మనవరాలూ ఒకే ఫోన్ చుట్టూ తిరిగేవాళ్లం. ఆ పిల్ల గుజరాతీ మాటను తెలుగులా పలికిందని మొదటి ఆన్‌లైన్ క్లాసులోనే తోటివాళ్లు నవ్వారు. అంతే, ఎనిమిది రోజులుగా మైకు తెరవలేదు. ప్రాజెక్టు గురించి ఐదు నిమిషాలు నోరు విప్పి చెప్పకపోతే మార్కులుండవని టీచరమ్మ చెప్పేసింది. "నువ్వు పక్కన కూసుంటే చెప్త బాపమ్మా" అంది మనవరాలు. కూర్చుంటానన్నాను.

ప్రాజెక్టు అమెరికా పడమటి దిక్కున ఉన్న ఒక పాత ఊరి గురించి. బంగారం దొరుకుతుందని జనం వచ్చి కట్టుకున్నారు, అది అయిపోగానే వదిలిపోయారు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఆ ఊరిని ఉన్నదున్నట్టు కాపాడుతోంది. కూలనివ్వదు, కొత్తగా చెయ్యదు, బల్లల మీద దుమ్ము కూడా తుడవనివ్వదు. (జీతాలిచ్చి దుమ్మును కాపాడే ప్రభుత్వం ఉందని తెలిసి నా చేతిలోని గుడ్డ కాసేపు ఆగింది.) ఫోన్‌లో ఊరి పటం పెద్దది చేసి పెన్సిలుతో లెక్క రాసుకున్నాను. ఇళ్లు అరవై మూడు, బడి ఒకటి, చర్చి ఒకటి, సెలూన్లు తొమ్మిది.

తొమ్మిది అనగానే మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన చివరిసారి క్షవరం చేయించుకున్నది మార్చి పంతొమ్మిదిన. అప్పటికి తొంభై ఐదు రోజులు. దుకాణాలు తెరిచినా నేనే పోనివ్వలేదు. "గా ఊర్ల పుట్టినా బాగుండు" అన్నాడు చెవుల మీది జుట్టు వెనక్కి తోసుకుంటూ. ఆ సెలూన్లలో ఒకదాని ఫోటో చూస్తే అనుమానమే లేదు. గోడ నిండా అద్దం, దాని ముందు వరసగా నూనె సీసాలు, ఎత్తు కుర్చీలు. కానీ లెక్క కుదరలేదు. ఏడిళ్లకో సెలూన్. ఇంటికి ముగ్గురు మగవాళ్లనుకున్నా ఇరవై ఒక్క తలలు. నెలకోసారి అయితే ఆ సెలూనతనికి రోజుకు ఒక్క తలైనా దక్కదు, ఇక బతికేదెలా? ఒక పూటంతా ఆలోచించి తేల్చాను. గనిలో తలమీద దుమ్ము పడుతుంది కాబట్టి వాళ్లు రోజూ సెలూన్‌కు వెళ్లేవారు. ఎంతో శుభ్రమైన జనం. అలాగే రాయించాను.

జూన్ ఇరవై నాలుగు, బుధవారం, ఉదయం పదింటికి మనవరాలు మైకు తెరిచింది. మొదట కాగితంలోంచి తల ఎత్తకుండా చదివింది కానీ, శుభ్రత దగ్గరికి వచ్చేసరికి హుషారొచ్చి, కొందరు రోజుకు రెండుసార్లు కూడా సెలూన్‌కు పోయేవారని తనే ఒకటి కలిపింది. ఫోన్‌లోంచి ఒక నవ్వు, వెంటనే ముప్పై నవ్వులు. టీచరమ్మ అందర్నీ ఆపి, ఆ ఊళ్లో సెలూన్ అంటే క్షవరం చేసే చోటు కాదంది. మరి అక్కడేం చేస్తారని నేనే తల ముందుకు పెట్టి అడిగాను. మద్యనిషేధం ఉన్న గుజరాత్‌లో, ఏడో తరగతి పిల్లల ముందు ఆవిడ మాత్రం ఎలా చెబుతుంది? "బా," అంది చివరికి, అక్కడ పెద్దావిడను పిలిచే పద్ధతిలో, "అక్కడికి తాగడానికి వెళ్తారు."

"చాయా?" అన్నాను.

ఈసారి నవ్వు ఎంతకీ ఆగలేదు. మనవరాలి వేలు మైకు గుర్తు దాకా వెళ్లింది. ఇక ఈ పిల్ల ఏడాదంతా నోరు తెరవదు, అదీ నా వల్లే అనుకున్నాను. వేలు అక్కడే ఆగింది. పిల్ల నా వైపు చూసింది, నా కాగితంలోని భాగహారం చూసింది, తనే ఫక్కున నవ్వింది. "మేడమ్, మా బాపమ్మ లెక్క తప్పు కాదు. ఏడిళ్లకొకటి కరెక్టే. దుకాణమే వేరే" అని హిందీలో గడగడా చెప్పి, మిగిలిన రెండు నిమిషాలూ పూర్తి చేసింది. మరుసటి వారం నుంచి క్లాసులో దాన్ని మాట్లాడొద్దని చెప్పడం టీచరమ్మ వంతయింది.

"ఇప్పుడు లెక్క కుదిరింది గదనే. తాగెటోల్లకు తొమ్మిది తక్కువనే" అన్నాడు మా ఆయన.

అరవై మూడును తొమ్మిదితో మూడుసార్లు భాగించి సరిచూసుకున్న నాలోని ఆనాటి ముసలావిడ, సెలూన్ అంటే ఏమిటని ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. అంత నిశ్చింతగా ఉండగలిగినందుకు కాస్త అసూయే. ఇప్పుడు ఏది లెక్కపెట్టాలన్నా ముందు దాని అర్థం అడుగుతున్నాను. లెక్కలు బాగా ఆలస్యమవుతున్నాయి.