సెలవులకు అరువు తెచ్చుకున్న ఇంటిపేరు

సముద్రం ఒడ్డున నాలుగు రోజులు ఉచితంగా గడిపి వద్దామని బయలుదేరి, నెత్తిమీది జుట్టంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఆవిడ వసుంధర ఇప్పటికీ నవ్వుతూనే ఉంది కాబట్టి నాకు అలవాటైపోయింది.

ముందు నా ప్రయాణ సిద్ధాంతం చెప్పాలి. సెలవులకు ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవడానికి లోకమంతా అక్కడ కొండలున్నాయా, జలపాతాలున్నాయా అని చూస్తుంది. నేను మాత్రం అక్కడ మనవాళ్ళెవరున్నారా అని చూస్తాను. ఊటీలో మా మేనత్త తోడికోడలి తమ్ముడున్నాడు, కాబట్టి ఊటీ చాలా అందమైన ఊరు. మైసూరులో ఎవరూ లేరు, కాబట్టి మైసూరులో చూడదగ్గదేమీ లేదు. కాకినాడలో ఉన్నంతకాలం ఈ సిద్ధాంతం దివ్యంగా పనిచేసింది.

తర్వాత దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చింది. తెల్లవాళ్ళ పాలన పోయి, అందరూ ఓట్లు వేసి, కొత్త జెండా ఎగరేసి ఎంతోకాలం కాలేదు. ఓవర్‌పోర్ట్‌లో చిన్న ఫ్లాటు తీసుకున్నాం. మొదటి డిసెంబరు సెలవులు వచ్చేసరికి నా సిద్ధాంతం నీళ్ళు నమలడం మొదలుపెట్టింది. ఈ ఖండం మొత్తం మీద మాకు చుట్టమన్నవాడు లేడు.

వసుంధర ట్రావెల్ ఏజెంటు దగ్గర్నుంచి రంగురంగుల కాగితాలు తెచ్చి మంచం మీద పరిచింది.

"మారిషస్ వెళ్దామా?"

"ఎండ ఎక్కువ."

"విక్టోరియా జలపాతం?"

"నీళ్ళేగా. మన కుళాయిలోనూ వస్తున్నాయి."

"పోనీ ఇక్కడే, నార్త్ కోస్టులో బీచ్ హోటలు. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి దిగొచ్చట. మూడు రోజులు పొయ్యి ముట్టుకోకుండా, ఎవరో వండి పెడితే తిని, సముద్రం చూస్తూ కూర్చోవాలని ఉంది. పెళ్ళయ్యాక నేను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే."

నిజమే, అంతకుముందు ఏమీ అడగలేదు. బుద్ధున్నవాడైతే ఆ మాటకు కరిగిపోయేవాడు. నేను "ఆలోచిద్దాం" అన్నాను.

మర్నాడు స్టాఫ్‌రూములో శాంతి మిస్ కనిపించింది. ఆమె ఇక్కడే పుట్టిన తెలుగావిడ. ముత్తాతలు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చారు. ఆమె దగ్గర సెలవుల మాట ఎత్తాను.

"మాకు అత్త ఉంది, మాస్టర్, నార్త్ కోస్ట్‌లో. బిగ్ హౌస్. బీచ్ నడిచిపోయేంత దగ్గర. ముసిలి తాత, అత్త, అంతే. ఇంటిపేరు వాళ్ళు ఇండియా నుంచి ఎవళైనా వస్తారేమో అని తాత లైఫ్ అంతా చూస్తన్నాడు. ఎవళొస్తారు?"

"ఏ ఇంటిపేరండీ?"

"కింతలి."

ఇక్కడివాళ్ళ కాగితాల మీద ఇంటిపేర్లు ఎప్పుడో మారిపోయాయి. అసలు ఇంటిపేరును మాత్రం పెళ్ళిళ్ళకూ చావులకూ పట్టుచీరలా దాచుకుంటారు. ఆ క్షణంలో మీరైతే నిజం చెప్పేవారు. అందుకే మీరు హాయిగా చదువుతున్నారు, నేను రాస్తున్నాను.

"కింతలా? మాదీ కింతలేనండీ," అన్నాను.

శాంతి మిస్ కళ్ళు చెమర్చాయి. నాకు మాత్రం బీచ్ కనబడింది.

మినీబస్సు టాక్సీలో సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక వసుంధరకు విషయం చెప్పాను.

"మన ఇంటిపేరు వేమగిరి కదా. ఎప్పుడు మారింది?"

"శుక్రవారం."

"మరి హోటలు?"

"హోటల్లో మనవాళ్ళుండరు. అక్కడ నీకు పిన్ని ఉంటుంది, వండి పెడుతుంది."

ఆమె కిటికీ వైపు తిరిగి చెరుకు తోటలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడే నేను భయపడాల్సింది.

ఇద్దరం గడ్డి టోపీలు పెట్టుకుని ఆ ఇంటి ముందు దిగాం. వాకిట్లో పెద్ద టెంటు వేసి ఉంది. వరుసగా కుర్చీలు, వాటి నిండా జనం. నా గుండె పొంగిపోయింది. "చూశావా? మనకోసం టెంటు కూడా వేశారు," అన్నాను.

"ఆ కుర్చీల్లో వాళ్ళంతా ఎందుకు ఏడుస్తున్నారు?" అంది వసుంధర.

తాత ఆరోజు తెల్లవారుజామునే పోయాడు. తొంభై దాటిన మనిషి, టీ తాగి కుర్చీలో అలాగే ఒరిగిపోయాడట. ఒక్కగానొక్క కొడుకు ఎప్పుడో చనిపోయాడు. మిగిలింది కోడలు, అంటే శాంతి మిస్ చెప్పిన అత్త అప్పమ్మా, పెళ్ళిళ్ళయి వెళ్ళిన ముగ్గురు మనవరాళ్ళూ. నేను టోపీ తీసేలోపే తెల్లచీరలో అప్పమ్మ ఎదురొచ్చి నన్ను పట్టుకుంది.

"వచ్చినావా, నాయినా. శాంతి చెప్పినాది. చూడు, గాడ్ పంపినాడు. ఇంటిపేరు మగోడు ఒక్కడూ లేడు ఇక్కడ. కుండ ఎవళు పట్టాలి అని ఏడుస్తన్నాము."

టోపీ తీసి వెనక దాచుకున్నాను. "పిన్నీ, మాది దూరపు శాఖ. చాలా దూరం."

"సముద్రం దాటి వచ్చినావు. ఇంకేటి దూరం?"

సాయం కోసం వసుంధర వైపు చూశాను. ఆమె చీరకొంగు నడుముకు చుట్టుకుంటూ, "ఈయనకు ఇంటిపేరంటే ప్రాణం, పిన్నీ. మీరు కాదన్నా ఊరుకోరు," అంది.

ఆ ఇంట పొయ్యి వెలిగించకూడదు కాబట్టి ఇరుగుపొరుగు వండి తెచ్చారు. పప్పు, అన్నం, గుమ్మడికాయ కూర. దుఃఖం నాది కాదు గనుక ఆకలి మామూలుగానే ఉంది. గుమ్మడికాయ కూర మళ్ళీ అడిగి వేయించుకున్నాను. అప్పమ్మ పిన్ని నా కంచం వైపు కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు శ్మశానానికి వెళ్ళే దారిలో, చెరుకు తోట మలుపు దగ్గర పిన్ని శవపేటిక ఉన్న బండిని ఆపించింది. దింపుడుకళ్ళం. మా వైపు కూడా ఉన్న ఆచారమే. పోయినవాణ్ణి అక్కడ దించి, ఇంకా ప్రాణముందేమోనన్న ఆశతో అయినవాళ్ళు చెవిలో పిలుస్తారు. వీళ్ళు అన్ని తరాలుగా దాన్ని వదల్లేదు.

"పిలు, నాయినా. తెలుగులో పిలు. తాతకు అదే కావాల," అంది పిన్ని.

నేను వంగాను. ఎన్నడూ చూడని మనిషి. నాలాంటివాడి కోసం జీవితమంతా ఎదురుచూసిన మనిషి. తీరా నేనొచ్చింది ఉచితంగా పడుకోవడానికి. "తాతా," అన్నాను. రెండోసారీ పిలిచాను. మూడోసారి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చానో, తాత కోసం ఏడ్చానో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ ఉన్నాయి.

కుండ పట్టి నిప్పు పెట్టినవాడు పెద్దకర్మ అయ్యేదాకా ఇల్లు కదలకూడదు. అలా నా సెలవులన్నీ చాప మీదే గడిచాయి. వసుంధర మూడు రోజులు పొయ్యి ముట్టుకోనని ముచ్చటపడిందా? రోజూ వచ్చే జనానికి పెరట్లో కట్టెల పొయ్యి మీద డేగిసాలు దించింది. నా పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా "హోటలు బాగుంది కదండీ," అనేది. సముద్రం కూడా చూశాను, చితాభస్మం కలపడానికి.

పెద్దకర్మ నాడు అదే ఒడ్డున నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎదురుగా క్షురకుడు కత్తి నూరుతున్నాడు. నా జుట్టు సంగతి మీకు తెలియదు. కాలేజీలో నన్ను గుర్తుపట్టింది దానివల్లే. మీసం మీద కూడా ఆశలున్నాయి. అప్పటిదాకా అపరాధభావం చేయించలేని పనిని ఆ కత్తి చేయించింది.

"పిన్నీ, నేను అబద్ధం చెప్పాను. మాది కింతలి కాదు, వేమగిరి. బీచ్ దగ్గర ఊరికే ఉండొచ్చని వచ్చాను."

ఆమె చెక్కు చెదరలేదు. "ఎరికే. కింతలోళ్ళు గుమ్మడికాయ తినరు, నాయినా. తాత ముట్టనే లేదు, నా పెనిమిటి ముట్టలేదు. నువ్వు రెండుసార్లు ఏసుకున్నావు."

"మరి ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తాతని ఎవళు పిలుస్తారు? నా పిల్లలకి తెలుగు రాదు. నాకు వచ్చినాది సగమే. నువ్వు పిలిచినావు, ఏడిసినావు. చాలు నాకు. కుండ పట్టినోడే కింతలోడు." తర్వాత క్షురకుడి వైపు తిరిగి, "కానీ బాబూ, మీసం కూడా," అంది.

నెత్తిన కత్తి పడింది. వసుంధర సముద్రం వైపు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని జనం ఆమెను ఓదార్చారు.

ఆ మరుసటి డిసెంబరులో తాత ఏడూడికి, అదే సంవత్సరీకానికి, వెళ్ళాం. ఈసారి బీచ్ హోటల్లో గది తీసుకున్నాం, మూడు రోజులకు. గదిలో మంచాలు రెండే. వసుంధర ఒకటి తీసుకుంది, ఇంకొకటి అప్పమ్మ పిన్నికి. వయసులో ఉండగా రంగు చూసి ఆ హోటలువాళ్ళు గేటు దాటనివ్వని మనిషి, బాల్కనీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన టీ తాగింది. నేను పిన్ని ఇంట్లో కాపలా ఉండి, నాకు నేనే వండుకున్నాను.

అందుకే మీ అందరి ముందూ, మళ్ళీ మొలిచిన ఈ జుట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఉచిత బస కోసం ఇకమీదట ఎవరి ఇంటిపేరూ ఎత్తుకోను. సెలవులకు ఊరు ఎంచే పని వసుంధరది, బిల్లు కట్టే పని నాది. ఎత్తుకున్న ఆ ఒక్క ఇంటిపేరును మాత్రం తిరిగివ్వలేకపోతున్నాను. గుమ్మడికాయ కూర గిన్నె నా వైపు వస్తే చెయ్యి దానంతటదే కంచానికి అడ్డం పడుతుంది.

"తినరా?" అని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో తినరండీ," అంటాను.