ముత్తమ్మకు నేనిచ్చిన బి గ్రేడు

గరిటె ముట్టుకోకుండా, ఒక్క కొలత టేపుతో నలభైమంది ఒళ్లో పప్పుచారు పోసిన ఘనుణ్ణి నేను. ఎలా పోశానో చెబుతాను. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు కాస్త వెనక్కి జరగండి.

పాల్వంచలో మాది వంటల కాంట్రాక్టు. పెళ్లిళ్లకీ, చర్చి పండుగలకీ, కాలనీ క్లబ్బు విందులకీ వండిపెడతాం. విస్తరాకులు మాత్రం మొదటినుంచీ ముత్తమ్మవే. నా బాప్తిస్మం విందుకు కూడా ఆమె కుట్టిన ఆకులే వేశారట. అడవి అంచున ఉన్న వాళ్ల ఊరి నుంచి నెలకోసారి మోదుగాకు విస్తళ్ల కట్టలు బస్సులో వేసుకొచ్చేది. మా నాన్న కట్ట విప్పి, పైనున్న ఆకు తీసి కడిగి, అందులోనే ఆమెకు అన్నం పెట్టేవాడు. ముందు పప్పుచారు. ఎదురుగా తనూ కూర్చునేవాడు. వానల గురించీ, ఆమె కోడలి కాన్పు గురించీ గంటసేపు కబుర్లు. నాకు ఒళ్లు మండేది. వ్యాపారంలో ఈ చుట్టరికాలేమిటండీ?

నాన్నకు మోకాళ్లు పట్టేసి పని నా చేతికొచ్చింది. నేను ఖమ్మం వెళ్లి, సరుకు ఇచ్చేవాళ్లను అదుపులో పెట్టుకోవడం ఎలాగో రెండు రోజులు శిక్షణ తీసుకున్నాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఫ్రేము కట్టించాను. ఇక నన్ను పట్టేదెవరు?

ఆ నెల ముత్తమ్మను గేటు దగ్గరే ఆపాను.

“ముత్తమ్మగారూ, జర ఆగండి. ఆకు కొలవాలె.”

“గారు ఏంది బిడ్డా? పాణం బాగలేదా?”

అప్పటిదాకా ఆమె నాకు పెద్దమ్మ. శిక్షణలో ఆ పిలుపులు వద్దన్నారు మరి. టేపు పరిచి కొలిచాను.

“పదమూడు ఇంచులే ఉన్నది. వచ్చే నెల పద్నాలుగు ఉండాలె, లేకపోతే వాపసు. ఇగో కాయితం. మీకు బి గ్రేడు వచ్చింది.”

“బి అంటే ఏంది?”

“ఇంకా మెరుగుపడాలె అని.”

ఆమె ఒకసారి వంటింటి వైపు చూసింది. “నాయిన లేడా?”

“మోకాళ్లు చూపించుకోను దవాఖానాకు పోయిండు.”

“సరే సారూ,” అని వెళ్లిపోయింది. బిడ్డ కాస్తా సారు అయిపోయాడు. దానికి నేను పొంగిపోయాను చూడండి, అదీ నా తెలివి!

మరుసటి నెల ఆకులు కచ్చితంగా పద్నాలుగు ఇంచులు. గేటు దగ్గరే కొలిచి, ఎ గ్రేడు ఇచ్చి పంపేశాను. ఆ ఆకులే క్లబ్బు వాళ్ల రిటైర్మెంటు విందుకు తీసుకెళ్లాను. మా పనిలో సగం ఆ క్లబ్బుదే. ముత్తమ్మ దగ్గర టేపు పట్టుకుని నిటారుగా నిలబడిన నేను, క్లబ్బు సెక్రటరీగారి ముందు నడుము ఎత్తేవాణ్ణి కాదు.

పప్పుచారు వడ్డించాం. మూడో ముద్దకు బల్లల మీద వరదొచ్చింది. సెక్రటరీగారు తెల్లప్యాంటు పట్టుకుని లేచారు.

“ఏంది సుధాకర్ ఇది?”

“చారు సార్.”

“చారని నాకూ తెలుసు. నా ప్యాంటు మీద ఎందుకున్నది?”

“ఆకు పద్నాలుగు ఇంచులు సార్!”

“అయితే ఆ ఇంచులే తినిపియ్. మేం వేరేవాళ్లను చూసుకుంటం.”

మర్నాడు కోపంగా బస్సెక్కి ముత్తమ్మ ఇంటి ముందు దిగాను. “గిట్ల చేసినవేంది పెద్దమ్మా?” కోపంలో ‘గారు’ ఎటో ఎగిరిపోయింది.

“మోదుగ ఇప్పుడే చిగురేసింది. ఆకు చిన్నది, లేతది. పద్నాలుగు ఇంచులంటే గుంజి గుంజి కుట్టాలె. సందులు పడ్తయి.”

“మరి నాకు చెప్పొద్దా?”

“ఎప్పుడు చెప్పాలె? అన్నం తినుకుంట మీ నాయినకు చెప్పేదాన్ని, ఈ నెల చిన్నయే కుట్టిన, రెండేసి పరువుండ్రి అని. నువ్వు గేటు కాడ్నే కొలిచి పంపిస్తివి. నీ కాయితంల నా మాటకు జాగ యాడుంది?”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నాన్న గంటసేపు కూర్చునేది ఆకు సంగతి తెలుసుకోవడానికి. ఆమె మీద ప్రేమతో కూడా. ఆ రెంటినీ ఆయన ఎన్నడూ విడదీయలేదు. నేను ఒక్క టేపుతో విడదీశాను.

“తిన్నవా?” అంది ముత్తమ్మ. నా జవాబు వినకుండానే రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి పరిచి అన్నం పెట్టింది, చారు పోసింది. చుక్క కారలేదు. కారిందల్లా నా కళ్లలోంచే.

“ఏ గ్రేడు సారూ?”

“సారు అనకు పెద్దమ్మా, నీకు దండం పెడ్త.”

“అయితే ఇంకింత అన్నం పెట్టుకో బిడ్డా.”

అక్కణ్ణుంచి నేరుగా క్లబ్బుకెళ్లాను. సెక్రటరీగారు గుమ్మంలోనే నిలబెట్టి ఒక కాగితం చేతిలో పెట్టారు. అచ్చం నేను ముత్తమ్మకిచ్చిన ఖమ్మం శిక్షణ కాగితం లాంటిదే! నాకు సి గ్రేడు.

“సార్, ఈ కాయితంల నా మాటకు జాగ లేదు. ఆదివారం మా ఇంట్ల అన్నం తినండి, అప్పుడు చెప్త,” అన్నాను.

వచ్చారు. నల్లప్యాంటు వేసుకొచ్చారు. నాన్న, ముత్తమ్మ, ఆయన వరసగా కూర్చున్నారు. రెండేసి ఆకులు, నిండా చారు. లేచేటప్పుడు ఆయన ఆకు అడుగున తడిమి చూసి, “వచ్చే నెల విందు కూడా మీదే,” అన్నారు.

కాబట్టి పాఠకులారా, సర్టిఫికెట్ తీసేసి ఫ్రేములో పెట్టుకున్న నా సి గ్రేడు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా ఇక జన్మలో టేపు తీయను. తీద్దామన్నా నా దగ్గర లేదు లెండి. ముత్తమ్మ దాంతో ఆకుల కట్ట కట్టుకొస్తోంది.