వంక పెట్టలేని పెట్టె

మా ఆవిడ బీరువాలో చీరల మధ్య కలరా ఉండలు వేసిన రోజు నాకు ఇల్లంతా హార్మోనియం వాసన వేస్తుంది. డెబ్భైల్లో భవానీపురంలో మా పక్క వాటాలో ఉండే పరబ్రహ్మం మాస్టారి గుమ్మం తొక్కితే ఇదే వాసన. తిత్తుల తోలుకు పురుగు పట్టకుండా ప్రతి హార్మోనియం పెట్టెలోనూ నాలుగేసి ఉండలు వేసేవారాయన. పగలు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పద్యనాటకం ఉన్నా హార్మోనీ ఆయనదే. నాటకానికి పట్టుకెళ్ళేది ఒక్క పెట్టె, ఇంట్లో ఉన్నవి ఏడు. ఉన్న రెండు గదుల్లో ఒకటి వాటికే పోయింది. నాకప్పటికి పాతికేళ్ళు, వన్ టౌన్‌లో మా నాన్నగారి గిన్నెల కొట్లో కూర్చునేవాణ్ణి. రెండు చేతులకి ఏడు పెట్టెలు దేనికండీ అని ఒకసారి అడిగాను.

"మీ కొట్లో గరిటెలు ఎన్ని రకాలోయ్?"

"అవి అమ్మడానికండీ."

"నేనమ్మను. అంతే తేడా," అన్నారు. ఆ జవాబులో ఎక్కడో మోసం ఉంది. ఎక్కడో ఇప్పటికీ పట్టుకోలేకపోయాను.

మైలవరంలో ఒక పెద్దాయన, చెయ్యి పడిపోయి, పారిస్‌లో చేసిన రీడ్లు బిగించిన తన పెట్టె అమ్మేస్తున్నారని ఒకనాడు కబురొచ్చింది. మాస్టారు కుర్రతనంలో ఆ పెట్టెనే విన్నారట. ఆ గొంతు కోసమే ఒకదాని తర్వాత ఒకటి ఏడూ కొన్నారట. ఒక్కటీ అలా పలకలేదట. ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు వంటింట్లో నాపరాళ్ళు పరిపించుకుందామని దాచిన ఆరువందలు తెచ్చి, ఆయన చేతిలో కాదు, నా చేతిలో పెట్టారు. "ఈయన్ని నోరెత్తనివ్వకు నాయనా. బేరం నువ్వే చెయ్యి," అన్నారు.

మా ఇంట్లో బేరానికి ఒకటే సూత్రం: కొనదలచిన వస్తువుకి ముందు వంక పెట్టాలి. మైలవరంలో వాళ్ళింటికి వెళ్ళాక పెద్దాయన ఎనిమిది వందలన్నారు. నేను తిత్తి తట్టి, రెండు మెట్లు నొక్కి, పెదవి విరిచి, మధ్యలో గొంతు బొంగురుపోయిందండీ అన్నాను. నాకు సంగీతం ఎంత తెలుసో మా కొట్లో గిన్నెలకూ అంతే తెలుసు. పెద్దాయన తల దించుకున్నారు. ధర దిగబోతోందని అర్థమైంది. మాస్టారి ముఖం మాత్రం కందిపోయింది. నన్ను జరగమని, చాప మీద కూర్చుని, నా మాట అబద్ధమని రుజువు చేయడానికి వాయించడం మొదలుపెట్టారు. నా సైగలన్నీ గోడకు చేసినట్టే అయ్యాయి. పెద్దాయన బాగున్న చేతి వేళ్ళు మోకాలి మీద మెట్లు వెతుక్కుంటున్నాయి.

ఆపాక మాస్టారు తిత్తి మూసి గడియ పెట్టారు. తర్వాత, "మావాడికి తెలీదండీ. ఇది పన్నెండొందలకి పైసా తక్కువ చెయ్యదు. నా దగ్గర ఆరొందలే ఉన్నాయి," అన్నారు. కొనేవాడే ధర పెంచడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం.

"ఆరొందలకే తీసుకుపోండి మాస్టారూ. ఇంట్లో మూగగా పడుంటే చూడలేక అమ్ముతున్నా గానీ," అన్నారు పెద్దాయన.

ఈ మాట కోసమే కదా బస్సెక్కి వచ్చింది! నేను డబ్బు తీయబోయాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "మూగగా ఉండదండీ. నెలకో ఆదివారం నేనొచ్చి వాయించి పోతాను. మీరు వింటూ ఉండండి. దీన్ని గడప దాటించకండి."

తిరుగు బస్సులో నేను పళ్ళు నూరుకుంటున్నాను, ఆయనేమో కూనిరాగం తీస్తున్నారు. పోనీ అన్నపూర్ణమ్మగారైనా సంతోషిస్తారనుకుని ఆరువందలూ తిరిగి ఇచ్చాను. చూద్దును కదా, గదిలో ఎనిమిదో పెట్టెకి అప్పటికే చోటు చేసి, బల్ల తుడిచి ఉంచారావిడ. "నువ్వెళ్ళి కూడా ఇంతేనా నాయనా?" అని కళ్ళొత్తుకున్నారు. ఆ నెలలోనే నాపరాళ్ళు పరిచారు గానీ, వాటి మీద ఆవిడ నవ్వుతూ నడవగా నేను చూడలేదు. మాస్టారు ఆ తర్వాత ఇంకో పెట్టె కొనలేదు. మైలవరం బస్సు మాత్రం మానలేదు. ఆ రోజు ఎవరు నెగ్గారో, ఎవరు నష్టపోయారో లెక్క తేల్చడం నా వల్ల కాలేదు.

హోల్‌సేల్ కొట్లలో గిన్నెలకు ఈనాటికీ నేను పెట్టే వంకలు వింటే గిన్నెలే సిగ్గుపడతాయి. నిజంగా మనసు పడ్డ వస్తువు ఎదురైతే మాత్రం నోరు పెగలదు. చెప్పిన ధర ఇచ్చి తెచ్చేసుకుంటాను. మోసపోయారంటుంది మా ఆవిడ. కాదని రుజువు చేద్దామంటే, నాకు వాయించడం కూడా రాదు.