చుక్క లేని కంచాలు

ప్రతి ఆదివారం పొద్దున్న మా వీధి చివరి ప్రైమరీ స్కూలు వరండాలో మేం పదిహేను ఇరవై మందిమి కూర్చుంటాం. అనకాపల్లి ఊళ్ళోవాళ్ళం కొందరం, చుట్టుపక్కల చెరకు రైతులు కొందరు. ఒకరు దేశవాళీ విత్తనాలు తెస్తారు, ఇంకొకరు వంటింటి చెత్త ఎరువైన కథ చెబుతారు. శారదా నది ఒడ్డున విందుల తర్వాత పారబోసిన ప్లాస్టిక్ ప్లేట్ల గుట్ట సంగతి మాత్రం వారం వారం ఎవరో ఒకరు ఎత్తేవారు. విని విని నాకు ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళిలా చెప్పుకుని ఇళ్ళకి పోతామని ఒకరోజు గట్టిగానే అడిగేశాను. ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నోరు, ఊరుకోదు.

అలా మొదలైంది మా కంచాల బ్యాంకు. ఎవరింట్లో విందు జరిగినా మా దగ్గర స్టీలు కంచాలు ఊరికే పట్టుకెళ్ళి, కడిగి తిరిగివ్వాలి. అటకల మీద మూలుగుతున్నవన్నీ ఇళ్ళిళ్ళూ తిరిగి పోగుచేశాం. అన్నిటి అంచుల మీదా పేర్లే, పెళ్ళినాడు పెట్టినవాళ్ళు చెక్కించినవి. నా దగ్గరే ఉండే అమ్మ కూడా పుట్టింటివాళ్ళు పెట్టిన ఆరు కంచాలు తన పేరుతో సహా తెచ్చి గోనెసంచిలో వేసింది. ఆదివారాలు నాతో వచ్చేది. ఉపన్యాసాలు ఆమెకి పట్టేవి కావు. పంపు దగ్గర కూర్చుని, తిరిగొచ్చిన కంచాలు మళ్ళీ చింతపండుతో తోమేది.

మొట్టమొదట కంచాలు అడిగినవాళ్ళు ఒక పెద్దకర్మకి అడిగారు. మేం సంబరంగా ఇచ్చేశాం. ఎంత తెలివితక్కువ పని చేశామో ఏ పల్లెలో ఏ ముసలమ్మనడిగినా చెప్పేది. చదువుకున్న బుర్రలం కదా, మాకు తట్టలేదు.

తర్వాత నెలలో కోటవురట్ల వైపు నుంచి మా ఆదివారాలకి వచ్చే ఒక రైతు, కూతురి పెళ్ళికని అవే సంచులు పట్టుకెళ్ళాడు. పెళ్ళి రెండు రోజులుందనగా ఆటోలో వెనక్కి తెచ్చేశాడు. వరండా మెట్ల దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు.

"ఇవి చావింట్లో తిన్న కంచాలంట గదా టీచరమ్మా. మా వోళ్ళు ఒప్పుకోటం లేదు. మరోలా అనుకోకండి."

"కడిగిన కంచానికి చావేం అంటుకుంటుందండీ? ఎవరింట్లో చావు లేదు? ఇన్ని ఆదివారాలు వచ్చి మీరు నేర్చుకున్నది ఇదా?" అన్నాను. అందరి ముందే అన్నాను. అతను సంచులు దింపి వెళ్ళిపోయాడు. పెళ్ళి ప్లాస్టిక్ ప్లేట్లలోనే అయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ అంది: "ఆయన్ని అలా అనీసేవేటే? ఆడపిల్ల పెళ్ళి. బయ్యముంటాది." నేను వినిపించుకోలేదు.

మా వాళ్ళు ఒక ఉపాయం ఆలోచించారు. కొత్తగా పోగైన కంచాల అడుగున పసుపు రంగు చుక్క పెడదాం, అవి శుభకార్యాలకి. చుక్క లేని పాతవి దినాలకి. నేను ససేమిరా అన్నాను. మూఢనమ్మకానికి మనమే రంగు పూస్తామా అని వాదించాను. చేతులెత్తించి నన్ను ఓడించారు. చుక్కలు పెట్టేరోజు నేను కుంచె ముట్టలేదు. అమ్మ కంచాలు ఆరూ చుక్క లేని సంచుల్లో ఉండిపోయాయి. ఆ రైతు నా మాటకి నొచ్చుకుని మానేస్తాడనుకున్నాను. మానలేదు, ఎప్పటిలాగే వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు.

వానాకాలంలో అమ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "నా దినానికి ఆ పారేసే పళ్ళేలు ఎట్టనియ్యకే. మన కంచాలే ఎట్టండి," అంది. అన్నాళ్ళూ ఆమె నా కోసం వస్తోందనే అనుకున్నాను. పంపు దగ్గర కూర్చునే అంతా విన్నదన్నమాట.

మాకవరపాలెంలో అన్నయ్య ఇంట్లో అమ్మ పెద్దకర్మ జరిగింది. చుక్క లేని సంచులు నేనే ఆటోలో తీసుకెళ్ళాను. అమ్మ పేరున్న కంచాల్లో జనం అన్నం తిన్నారు. ఒక్క ప్లాస్టిక్ ప్లేటు కూడా బయట పడలేదు. ఏడుస్తూనే గర్వపడ్డాను.

ఆరు నెలలకి మా అమ్మాయి నిశ్చితార్థం కుదిరింది. ముందురోజు సాయంత్రం కంచాలకని స్కూలుకి వెళ్ళాను. గది తాళం తీశాను. రెండు వైపులా సంచులు. ఎవరూ లేరు, నన్ను అడిగేవాళ్ళు లేరు. చుక్క లేని సంచి మూతి విప్పితే పైనే అమ్మ పేరు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మగపెళ్ళివారికి తెలిస్తే? రేపు పిల్లకి ఏమైనా అయితే? సంచి మూతి మళ్ళీ కట్టేశాను. పసుపు చుక్కవి ఆటోలో వేయించుకుని వచ్చేశాను.

ఆదివారాలవాళ్ళందరినీ భోజనానికి పిలిచాను. ఆ రైతు కూడా వచ్చాడు. బంతిలో కూర్చుని, కడిగిన తడి విదల్చడానికి కంచం బోర్లించాడు. అడుగున చుక్క కనబడింది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అన్నం గిన్నెతో అతని ఎదురుగానే ఉన్నాను.

"పరవాలేదు టీచరమ్మా," అన్నాడు మెల్లిగా. "ఆడపిల్లని కన్నోళ్ళం. ఒడ్డించండి."

వడ్డించాను. గరిటె దగ్గరికి అతనే కంచం కొంచెం ముందుకు జరిపాడు.

అందరూ వెళ్ళాక పెరట్లో కంచాలు తోముతుంటే అమ్మాయి పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కో కంచం అంచు తిప్పి చూస్తోంది.

"అమ్మమ్మ కంచాలేవమ్మా? ఇవాళ అందులో తిందామనుకున్నాను. పొద్దుట్నుంచీ వెతుకుతున్నా."

"ఇవే సరిపోయాయమ్మా. అందుకని తేలేదు," అన్నాను.

అది ఇంకో రెండు కంచాలు తిప్పి చూసి, కొంగు బిగించి నాతో పాటు తోమడం మొదలుపెట్టింది. ఆ రైతుని అందరి ముందూ అడిగిన మాట నాకు గుర్తొచ్చింది. మా అమ్మని అశుభం చేసింది ఊళ్ళోవాళ్ళు కాదు. నేనే.